వెదకు చేతికి హద్దు

(ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 24:10–13, ఆదికాండము 31:33–37, 1 రాజులు 20:1–9)



గ్రామములలో తిరుగునప్పుడు మేము తరచుగా వినుచుండు మాట యొకటి గలదు. ఎవరి యింటనైనను పోలీసులు సోదా చేసిరని తెలిసినప్పుడు, అరుగులమీద కూర్చున్నవారు, "తప్పు చేయనివానికి భయమెందుకు? ఇల్లంతయు చూచుకొమ్మని తలుపులు తీయవచ్చును గదా!" అందురు. ఈ మాట వినుటకు న్యాయముగానే తోచును. విశ్వాసులు సహితము, వెలుగులో నడచువానికి దాచుకొనవలసినదేమున్నదని చెప్పి దీనిని బలపరచుచుందురు. అయితే ఇది సత్యమా? అధికారి యొకని యింటిని వెదకునప్పుడు ఆ వెదకుటకు హద్దు ఉండవలెనా? ఉండవలసినయెడల ఆ హద్దు ఎవరి మేలుకొరకు? దొంగ మేలుకొరకా, లేక మనందరి మేలుకొరకా? ఈ నెల ఈ ప్రశ్నను మీ యెదుట పెట్టగోరుచున్నాము.

మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న కట్టడ యున్నది. పొరుగువానికి అప్పిచ్చినవాడు తాకట్టు తీసికొనవచ్చును. అది అతని హక్కు. అయినను ఆ తాకట్టు వస్తువుకొరకు అతడు ఋణస్థుని యింటిలోనికి పోకూడదు. బయటనే నిలువవలెను. అప్పు తీసికొన్నవాడే ఆ వస్తువును వెలుపలికి తెచ్చి యియ్యవలెను. ఇచ్చట అప్పు నిజమే, హక్కును నిజమే. అయినను ఆ హక్కు గడపవరకు వచ్చి అక్కడ ఆగవలెనని దేవుడు నియమించెను. ఎందుచేత? లోపల అడుగుపెట్టినవాని కన్ను తాకట్టు వస్తువుమీదనే నిలిచియుండదు. కుంచెడు గింజల అప్పుకొరకు వచ్చినవాడు దుప్పటిని చూచును, తిరుగలిని చూచును, పొయ్యిమీద ఏమి ఉడుకుచున్నదో, ఏమి ఉడుకుట లేదో చూచును. అప్పు కొంచెమే, కన్ను మాత్రము ఇల్లంతయు తిరిగి వచ్చును. బీదవాని బీదతనమును చూచు హక్కు అప్పిచ్చినవానికి లేదని ఆ కట్టడ చెప్పుచున్నది.

రాజుల గ్రంథములో దీనికి విరుద్ధమైన మనుష్యుడొకడు కనబడుచున్నాడు. సిరియా రాజైన బెన్హదదు ముప్పది యిద్దరు రాజులతో వచ్చి షోమ్రోనును ముట్టడించెను. మొదట అతడు వెండి బంగారములను, భార్యలను, పిల్లలను అడిగెను. అహాబు భయపడి ఒప్పుకొనెను. ఇంత గొప్ప కోరికను ఒప్పుకొన్న తరువాత ఇక అడుగవలసినదేమున్నది? అయినను రెండవ వర్తమానము వచ్చెను: రేపు ఈ వేళకు నా సేవకులు వచ్చి నీ యిల్లును నీ వారి యిండ్లను వెదకి, కంటికి ఇంపైనది ఏదైనను ఎత్తికొని పోవుదురనెను. అప్పుడు అహాబు దేశపు పెద్దలను పిలిపించెను. పెద్దలును జనులును ఏకముగా, దీనికి మాత్రము సమ్మతింపవద్దని చెప్పిరి. మొదటి కోరిక ఎంత పెద్దదైనను దానికి పేరున్నది, ఇంతయని ఎంచదగిన హద్దున్నది. రెండవదానికి హద్దు లేదు. ఏమి కావలెనో చెప్పకుండ లోపలికి వచ్చి, వచ్చిన తరువాత కన్ను దేనిమీద నిలుచునో దానిని తీసికొందుమనుట అది. అహాబు భక్తిహీనుడైన రాజేగాని, ఆ దినమున పెద్దలు చెప్పిన ఆలోచన మంచిది.

ఇటువంటి పోరాటమే ఇంగ్లండు దేశములో 1762లో జరిగెను. ప్రభుత్వమును విమర్శించు ఒక పత్రికకు వ్రాయుచున్నాడని జాన్ ఎంటిక్ అనువానిమీద అనుమానము కలిగెను. రాజ్య కార్యదర్శియైన హాలిఫాక్సు ప్రభువు ఒక వారెంటు వ్రాసియిచ్చెను. అందులో మనుష్యుని పేరున్నది గాని, ఏ కాగితము కావలెనో, దేనిని విడువవలెనో లేదు. అతని పుస్తకములు, కాగితములు అన్నియు పట్టుకొమ్మని యున్నది. ఆ సంవత్సరము నవంబరు 11వ తేదీన రాజదూతలు నలుగురు ఆ యింట ప్రవేశించి, నాలుగు గంటలసేపు పెట్టెలు, సొరుగులు పగులగొట్టి, కాగితములు చదివి, మూటగట్టుకొని పోయిరి. ఎంటిక్ వారిమీద వ్యాజ్యము వేసెను. 1765లో కామ్‌డెన్ ప్రభువు తీర్పు చెప్పుచు, అట్టి వారెంటు నిచ్చుటకు చట్టములో ఎక్కడను అధికారము లేదనియు, అధికారము చూపలేనివాడు పరుని గడప త్రొక్కినయెడల, అతడు రాజు సేవకుడైనను అక్రమ ప్రవేశము చేసినవాడేననియు తేల్చెను. ఎంటిక్‌కు 300 పౌండ్ల నష్టపరిహారము కలిగెను. రాజ్యమునకు ఇది అవసరమనుట మాత్రమే చాలదు, అవసరమని చట్టము చెప్పవలెను అనునది ఆ తీర్పులోని సారము.

ఇక మన దేశపు చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. మన పల్లెలలో అనేకులకు ఇది తెలియదు గనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాము. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోను, దాని స్థానమున వచ్చిన 1973 నాటి కోడులోను సోదాకు నియమములు గలవు. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. ఆ పాత నియమములే చాలమట్టుకు ఇందులో నిలిచియున్నవి.

మొదటిది, కోర్టు వారెంటు. 96వ సెక్షను ప్రకారము కోర్టు సోదా వారెంటు నిచ్చునప్పుడు, ఫలానా స్థలము, లేక ఆ స్థలములో ఫలానా భాగము మాత్రమే వెదకవలెనని వ్రాయవచ్చును. అట్లు వ్రాసినయెడల వారెంటు తెచ్చినవాడు ఆ భాగమును మాత్రమే వెదకవలెను. పశువుల కొట్టము అని వ్రాసియుండగా పడకటింటిలోనికి పోరాదు. ఒక కార్యమునకు సాధారణ సోదాయే అవసరమని కోర్టుకు తోచినయెడల అట్లు ఆజ్ఞాపించుటకును ఆ సెక్షనులోనే తావున్నది. కాని ఆ అవసరమును నిర్ణయించవలసినది కోర్టు గాని, గుమ్మమునొద్ద నిలిచిన మనుష్యుడు కాడు.

రెండవది, వారెంటు లేకుండ పోలీసులు చేయు సోదా. ఆలస్యమైనయెడల వస్తువు చేయిదాటిపోవునని తోచినప్పుడు దర్యాప్తు చేయు అధికారి కోర్టుకు పోకుండనే వెదకవచ్చును. ఇది 185వ సెక్షను. అయితే ముందుగా తన నమ్మకమునకు కారణములను కేసు డైరీలో వ్రాయవలెను. ఏ వస్తువుకొరకు వెదకబోవుచున్నాడో, సాధ్యమైనంతవరకు దానిని కూడ పేర్కొనవలెను. తానే స్వయముగా వెదకవలెను. వీలుకానియెడల క్రిందివానికి స్థలమును వస్తువును చూపుచు వ్రాతపూర్వకమైన ఆజ్ఞ యియ్యవలెను. ఆ వ్రాత నకలు 48 గంటలు దాటకుండ మేజిస్ట్రేటుకు చేరవలెను. ఇంటివారు మేజిస్ట్రేటునొద్ద దరఖాస్తు పెట్టుకొనినయెడల వారికి ఆ నకలు ఉచితముగా దొరకును. క్రొత్త చట్టము సోదాను, జప్తును దృశ్య శబ్ద రూపమున రికార్డు చేయవలెనని కూడ విధించినది.

ఈ నియమములన్నిటి వెనుక ఒక్క తలంపే యున్నది: ముందు వ్రాయుము, తరువాత వెదకుము. వెదకిన తరువాత వ్రాయు కారణము కారణము కాదు, అది సాకు. చేప దొరికిన తరువాత నేను దీనికొరకే గాలము వేసితిననుట ఎవరికైనను సులువే.

వెదకబడు వస్తువే వెదకు స్థలమునకు కొలత. తోటలో మోటారు దొంగిలింపబడినదని వచ్చినవారు గడ్డివామును చూడవచ్చును, కొట్టమును చూడవచ్చును, నేల క్రొత్తగా త్రవ్వియున్నచోట త్రవ్వి చూడవచ్చును. ఉప్పుకుండలో చెయ్యి పెట్టుటకు వారికి పనిలేదు. ఇంటి ఇల్లాలి ట్రంకుపెట్టెలోని ఉత్తరములు చదువుటకు అంతకంటె పనిలేదు. పోయినది ఉంగరమైనయెడల కుండలోను చూడవలసి రావచ్చును. ఉంగరము దొరకగానే ఆ పని ముగిసినది. దొరికిన తరువాత కూడ ఇంకను పెట్టెలు తెరచుచున్నవాడు ఉంగరమును వెదకుట లేదు, మనుష్యుని వెదకుచున్నాడు.

ఈ విషయమున మన దేశపు న్యాయస్థానములు ఒక్కదినమున ఈ స్థితికి రాలేదు. 1954లో ఎనిమిదిమంది న్యాయమూర్తులుగల సుప్రీంకోర్టు ధర్మాసనము, అమెరికా రాజ్యాంగములో సోదాలకు విరోధముగా ఉన్నట్టి రక్షణ మన రాజ్యాంగములో లేదని చెప్పెను. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసు వచ్చినది. అతనిమీద మునుపు దోపిడి నేరము మోపబడి, సాక్ష్యము లేక విడువబడెను. అయినను పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరచి, రాత్రివేళ వచ్చి తలుపు తట్టి నిద్రలేపుచుండిరి. ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనలలో దానికి తావుండెను. కోర్టు తక్కిన నిఘాను చాలమట్టుకు ఉండనిచ్చినను, రాత్రివేళ ఇంటికి వచ్చుటను మాత్రము కొట్టివేసెను. మనుష్యుని నిద్రకును అతని గడపకును రాజ్యాంగమునొద్ద విలువ గలదని ఆ దినమున తెలిసినది.

మన తెలుగు నేలకు సంబంధించిన కేసు కూడ ఒకటి యున్నది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్టాంపు చట్టములోని 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనను, పత్రములున్న స్థలములో ప్రవేశించి వాటిని పరిశీలించవచ్చునని చేసెను. స్టాంపు సుంకము ఎగవేతను పట్టుకొనుట మంచి ఉద్దేశమే. కాని ఎవరిని పంపవలెను, ఏ కారణముచేత పంపవలెను అనుదానికి హద్దు లేదు. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసెను. 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకు కెనరా బ్యాంకునకు నడచిన ఆ కేసులో, హైకోర్టు తీర్పునే స్థిరపరచెను. నీ కాగితములు బ్యాంకులో దాచినంతమాత్రమున నీ గుట్టు నీది కాకపోదనియు, ఈ రక్షణ స్థలమునకు గాక మనుష్యునికి చెందినదనియు ఆ తీర్పు చెప్పుచున్నది. తుదకు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, ఏకాంత జీవితమునకు రక్షణ ప్రాథమిక హక్కేననియు, 1954లోను 1962లోను అందుకు విరోధముగా చెప్పిన మాటలు ఇక చెల్లవనియు తీర్మానించిరి.

గుట్టు అను మాట వాడితిమి. మన భాషలో అది ఎంత మంచి మాట! ఫలానావారు గుట్టుగా కాపురము చేసికొనుచున్నారని చెప్పినప్పుడు, వారిని మనము మెచ్చుకొనుచున్నాము గాని వారు దొంగసొత్తు దాచిరని నేరము మోపుట లేదు. లేమిని పదిమంది యెదుట పెట్టకుండుట గుట్టు. రోగిష్టి బిడ్డ మందుచీటీ గుట్టు. కొడుకు దూరదేశమునుండి వ్రాసిన కన్నీటి ఉత్తరము గుట్టు. పాపమును దాచుట వేరు, బ్రదుకును కప్పుకొనుట వేరు. నోవహు వస్త్రహీనుడై పడియుండగా ఇద్దరు కుమారులు వెనుకకు నడిచివెళ్లి తండ్రిని కప్పిరి. వారు నేరమును దాచినవారని ఎవరును అనలేదు. కాబట్టి తప్పు చేయనివానికి భయమెందుకని అడుగువారికి మా ప్రత్యుత్తరమిది: తప్పు చేయనివానికి కూడ గుట్టు గలదు. తప్పు చేయలేదని చూపుకొనుటకు అతడు తన గుట్టును వెలగా చెల్లింపనక్కరలేదు.

అంతేకాదు, సోదా తానే ఒక శిక్షవంటిది. పోలీసు జీపు గుమ్మమునొద్ద ఒక గంట నిలిచినయెడల, ఏమియు దొరకలేదని వారు వెళ్లిపోయిన తరువాత కూడ ఊరు మరచిపోదు. ఆ యింటి పిల్లకు సంబంధము మాటలాడ వచ్చినవారు వెనుదిరుగుదురు. కూలికి పిలుచువారు పిలువక మానుదురు. ఈ దెబ్బ భూస్వామి యింటికంటె పేటలోని పూరింటికి ఎక్కువగా తగులును. ఏలయనగా మేడకు అనేక తలుపులున్నవి, గుడిసెకు ఒక్కటే తడిక. చట్టపు హద్దు బలవంతునికి అలంకారము, బలహీనునికి ప్రాకారము.

అయితే ఎదురుగా నిలిచి అడుగుటకు న్యాయమైన మాట యొకటి యున్నది. హద్దులు పెట్టుకొనుచు కూర్చున్నయెడల దొంగలు తప్పించుకొనరా? కూతురి పెండ్లికొరకు దాచిన నాలుగు తులముల బంగారము పోగొట్టుకొన్న విధవరాలి కన్నీటికి జవాబేమి? ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. లేఖనము సహితము దీనిని దాచలేదు. లాబాను తన గృహదేవతలకొరకు యాకోబు గుడారమును, లేయా గుడారమును, దాసీల గుడారములను, రాహేలు గుడారమును వెదకెను. రాహేలు వాటిని ఒంటె సామగ్రిలో పెట్టి దానిమీద కూర్చుండి, స్త్రీల కడగండ్లను సాకుగా చెప్పి లేవకుండెను. లాబాను మర్యాద పాటించి వెనుకకు తగ్గెను, దొంగసొత్తు దొరకలేదు. మర్యాదచేత నేరము తప్పించుకొనినది. దీనికి జవాబు మర్యాదను తీసివేయుటయా? కాదు. మన చట్టము, స్త్రీని సోదా చేయవలసివచ్చినప్పుడు మరియొక స్త్రీయే, మానమునకు భంగము కలుగకుండ చేయవలెనని విధించినది. హద్దు అడ్డుగా తోచినచోట హద్దును పెరికివేయక, సరియైన మనుష్యుని నియమించుట న్యాయము చేయు పని. విధవరాలి బంగారమును వెదకుటకు చట్టము పోలీసులకు చాలినంత అధికారమిచ్చినది. అత్యవసరమునందు వారెంటు లేకుండ పోవచ్చును, తలుపు తీయనియెడల పగులగొట్టి ప్రవేశించుటకును మార్గమున్నది. ముందుగా కారణము వ్రాయుటకు పట్టు సమయములో ఏ దొంగయు సముద్రము దాటడు.

మరికొందరు, వస్తువు దొరికినది గదా, ఎట్లు వెదకిరను ప్రశ్న ఇప్పుడెందుకు? అందురు. యోసేపు గిన్నె సంగతి జ్ఞాపకము చేసికొనుడి. గృహనిర్వాహకుడు పెద్దవాడు మొదలుకొని చిన్నవానివరకు గోనెలన్నిటిని క్రమముగా వెదకెను. గిన్నె బెన్యామీను గోనెలో దొరికెను. సాక్షులున్నారు, వస్తువున్నది, గోనె అతనిదే. అయినను బెన్యామీను నిర్దోషి. వెదకినవాని చెయ్యియే రాత్రి దానిని అందులో పెట్టెను. యోసేపుకు సహోదరుల మనస్సును పరీక్షించు ఉద్దేశము గలదు గనుక ఆ కథ కౌగిలింతతో ముగిసినది. ప్రతి కథయు అట్లు ముగియదు. దొరికినది అనుమాట ఒక్కటే నేరమును స్థాపింపజాలదు. ఎవరు వెదకిరి, ఎవరి యెదుట వెదకిరి, ఏ మూలలో దొరికినది అని అడుగవలెను.

ఇచ్చట మీరు తెలిసికొనవలసిన కఠినమైన సంగతి యొకటి యున్నది. సోదాలో నియమము తప్పినంతమాత్రమున అందులో దొరికిన వస్తువును సాక్ష్యమునుండి త్రోసివేయనక్కరలేదని మన సుప్రీంకోర్టు 1973 డిసెంబరులో పూరన్ మల్ కేసులో చెప్పెను. మత్తుపదార్థముల చట్టమువంటి కొన్నిచోట్ల కోర్టులు మిక్కిలి కఠినముగా చూచుచున్నవి గాని, సామాన్యముగా వస్తువు నిలుచును. దాని విలువ ఎంతయనునది తరువాత తూచబడును. అనగా నియమభంగమునకు ప్రతిఫలము వెంటనే కోర్టులో దొరకునను నమ్మకము లేదు. అట్లయినయెడల ఈ హద్దును కాపాడువారెవరు? అధికారి మనస్సాక్షియు, మేజిస్ట్రేటు జాగ్రత్తయు, మూడవదిగా మీరును.

మేము "మీరు" అనుటకు కారణమున్నది. సోదాకు ముందుగా ఆ ప్రాంతపు నివాసులలో స్వతంత్రులును గౌరవనీయులునైన ఇద్దరిని, లేక అంతకంటె ఎక్కువమందిని పిలువవలెనని చట్టము. వీరిని కొన్నిచోట్ల మధ్యవర్తులనియు, కొన్నిచోట్ల పంచులనియు అందురు. 1898 నాటి కోడులో ఈ నియమము 103వ సెక్షను, 1973లో 100వది, ఇప్పుడు మరల 103వదే. సోదా వీరి యెదుట జరుగవలెను. దొరికిన ప్రతి వస్తువును, అది దొరికిన చోటును జాబితాగా వ్రాసి, వీరిచేత సంతకము చేయించవలెను. ఇంటివాడు గాని అతని పక్షమున ఒకరు గాని సోదా జరుగుచున్నంతసేపు అచ్చట ఉండుటకు హక్కుగలవారు. జాబితా నకలు వారికి ఇయ్యవలెను.

ఈ నియమము చదివినప్పుడెల్ల మాకు యాకోబు మాట జ్ఞాపకమునకు వచ్చును. లాబాను వెదకి ముగించిన తరువాత యాకోబు కోపపడి, నా సామగ్రియంతయు తడవి చూచితివే, నీ యింటి వస్తువేదైన దొరికినయెడల నీవారి యెదుటను నావారి యెదుటను పెట్టుము, వారే మన యిద్దరిమధ్య తీర్పు తీర్చుదురు అను భావముతో మాటలాడెను. ఉభయులకు చెందిన కన్నులు చూడవలెను; చూచినదానినే పలుకవలెను. మధ్యవర్తి అనగా ఇదియే.

అయితే మన పల్లెలలో జరుగుచున్నదేమి? స్టేషనునుండి కబురు వచ్చును. ఊరి పెద్దమనుష్యుడొకడు వెళ్లి, తాను చూడని సోదాకు, తాను చదువని కాగితముమీద సంతకము చేసి, టీ త్రాగి వచ్చును. సబ్ ఇనస్పెక్టరు తెలిసినవాడు, కాదనుట బాగుండదు అనుకొనును. సహోదరులారా, అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ నోటికి మాత్రమే గాక వ్రేలికి కూడ చెందినది. మీ సంతకము ఒక మనుష్యుని పది సంవత్సరములు చెరసాలలో ఉంచవచ్చును. లేక నిజమైన దొంగ కేసు కోర్టులో కూలిపోవుటకు అదే కారణము కావచ్చును. ఏలయనగా చూడనివాడు బోనులో నిలిచినప్పుడు తడబడక మానడు. నాబోతును చంపినవి రాళ్లు మాత్రమే కావు. రాళ్లకంటె ముందు ఇద్దరు సాక్షులు నడిచి వచ్చిరి.

కాబట్టి మేము మీకు చెప్పునదేమనగా: పిలిచినప్పుడు పొండి. వ్రాతపూర్వకమైన ఆజ్ఞ వచ్చినప్పుడు తగిన కారణము లేక నిరాకరించుట నేరము కూడ. నాకెందుకని తప్పించుకొనువాడు తన స్థానమున అబద్ధికుని నిలుపుచున్నాడు. పోయి, కన్నులారా చూడుడి. చూచినదానికి సంతకము చేయుడి, చూడనిదానికి చేయకుడి. తెల్లకాగితముమీద ఎన్నడును చేయకుడి. చదువు రానియెడల చదివించుకొని వినుడి.

మీ యింటికే సోదా వచ్చినయెడల తలుపునకు అడ్డము పడకుడి, దుర్భాషలాడకుడి, వస్తువులు దాచకుడి, అబద్ధమాడకుడి. పోలీసులు కూడ మన బిడ్డలవంటివారే. వారిలో నియమముగా పనిచేయువారిని గౌరవించుట మన విధి. మర్యాదగా, అయ్యా, దేనికొరకు వెదకుచున్నారని అడుగుడి. ఇంటివారిలో ఒకరు వెంట ఉండుడి. స్త్రీని తాకవలసివచ్చినయెడల స్త్రీయే రావలెనని మనవి చేయుడి. జాబితా నకలు అడిగి పుచ్చుకొనుడి. ఇవి అడుగుట తిరుగుబాటు కాదు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, విచారణ లేకుండ తమ్మును కొట్టించిన అధికారులు రహస్యముగా వెళ్లగొట్టుటకు ఒప్పుకొనక, వారే వచ్చి వెలుపలికి తీసికొని పోవలెనని నిలిచియుండెను. క్షమించు మనస్సుగల మనుష్యుడే చట్టమును జ్ఞాపకము చేసెను.

నేటి కాలమున ఈ సంగతి మరింత దగ్గరకు వచ్చినది. మునుపు ఇల్లు వెదకవలెనంటే గడప దాటవలెను. ఇప్పుడు మనుష్యుడు తన యింటిని చొక్కా జేబులో పెట్టుకొని తిరుగుచున్నాడు. సెల్‌ఫోనులో ఉత్తరములున్నవి, భార్యాబిడ్డల చిత్రములున్నవి, బ్యాంకు లెక్కలున్నవి, వైద్యుని చీటీలున్నవి, ప్రార్థన మనవులు సహితము ఉన్నవి. 2014 జూన్ 25న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరు ఏకమై, మనుష్యుని అరెస్టు చేసినంతమాత్రమున అతని సెల్‌ఫోను తెరచి చదువరాదనియు, సామాన్యముగా దానికి వారెంటు కావలెననియు తీర్పు చెప్పిరి. జేబులోని బీడీకట్టను చూచుటయు, జేబులోని జీవితమంతటిని చదువుటయు ఒకటి కాదు గదా. మోషే నాటి గడప చెక్కతో చేసినది. నేటి గడప గాజుతో చేసినది. గడప మాత్రము గడపయే.

ఇంతకును, మనుష్యుని వెదకుటకు హద్దు ఎందుకుండవలెను? దేవుడు మనలను పరిశోధించునప్పుడు హద్దు లేదు. తన్ను పరిశోధింపుమని కీర్తనకారుడు తానే వేడుకొనెను. ఆ హద్దులేని పరిశోధనకు మనము భయపడక ఒప్పుకొనుచున్నాము. ఏలయనగా ఆయన తెలియక వెదకుట లేదు. సమస్తమును ఎరిగి, స్వస్థపరచుటకు వెదకుచున్నాడు. మనుష్యుడు తెలియక వెదకుచున్నాడు. వెదకు ప్రతివాడును, నాకు తెలియదని ఒప్పుకొనుచున్నాడు. తెలియనివాడు తగ్గింపుతో వెదకవలెను. తానేమి కోరుచున్నాడో, ఎందుకు కోరుచున్నాడో ముందుగా చెప్పి వెదకవలెను. హద్దులేకుండ వెదకు మనుష్యుడు, ఎంత మంచి ఉద్దేశముతోనైనను, తనది కాని సింహాసనముమీద కూర్చుండుచున్నాడు.

ఆకాను దినమున సహితము క్రమము తప్పలేదు. సర్వము ఎరిగిన దేవుడు ఇశ్రాయేలీయుల గుడారములన్నిటిని తిరుగవేయుమని చెప్పలేదు. గోత్రము, వంశము, కుటుంబము, పురుషుడు అని వరుసగా వడపోత జరిగెను. ఆకాను తానే, ఏమి తీసికొనెనో, ఎక్కడ దాచెనో చెప్పెను. అప్పుడే దూతలు ఒక్క గుడారమునకు పరుగెత్తిరి. చెప్పిన వస్త్రమును, వెండిని, బంగారు కమ్మిని తెచ్చిరి. వడపోత ముందు, వెదకుట తరువాత.

ఈ కొలతను పోలీసులకు మాత్రమే పట్టుట చాలదు. కోడలు పుట్టింటినుండి తెచ్చుకొన్న పెట్టెను ఆమె లేనప్పుడు తెరచు అత్తగారికి వారెంటు ఎవరిచ్చిరి? పనిమనిషి ఇంటికి పోవునప్పుడు ఆమె కొంగుమూటను ప్రతిదినము విప్పించు యజమానురాలు, ఏ కారణము వ్రాసిపెట్టుకొని విప్పించుచున్నది? మనకున్న చిన్న అధికారమునకు మనము హద్దు పెట్టుకొననియెడల, పెద్ద అధికారమునకు హద్దు కావలెనని ఏ నోట అడుగుదుము?

సంఘపు పెద్దలకు మా మనవి యేమనగా, వచ్చు నెల కూటములలో ఒక సాయంకాలము ఈ 103, 185 సెక్షనులను తెలుగులో చదివి, చదువురానివారికి వివరించుడి. అక్షరము తెలిసిన యువకులు ఈ పనికి పూనుకొనవలెను. చట్టము పుస్తకములోనే యుండి మన వాకిట లేనియెడల, బెన్హదదు సేవకులు ఎప్పుడైనను రాగలరు. షోమ్రోను పెద్దలవలె, హక్కు ఎంతవరకో అంతవరకు ఒప్పుకొని, ఆ మీద కాదనగల ధైర్యమును ప్రభువు మనకును, గడపయొద్ద నిలువగల తగ్గింపును మనలను ఏలువారికిని దయచేయును గాక.